జీతం లేనివాడి ఊపిరితిత్తులు

మంటలార్పడానికి నన్ను పిలిచిన మిల్లు, నా ఊపిరితిత్తులు పాడయ్యాక నేను తమ మనిషిని కానంది.

తొంభైల్లో మా నర్సీపట్నానికి దగ్గర్లో ఒక ప్రైవేటు పంచదార మిల్లు ఉండేది. పేరు రాయను. చెరకు రసం తెల్లబడడానికి అక్కడ గంధకం కాల్చేవారు. మిల్లు గోడ పక్కనే మా చర్చి వీధి. సైరన్ మోగితే వీధిలో మగవాళ్ళమంతా చేతిలో పని వదిలేసి పరుగెత్తేవాళ్ళం. మమ్మల్ని వాలంటీర్లు అనేవారు. నెలకోసారి డ్రిల్లు, డ్రిల్లు అయ్యాక టీ, బన్ను, ఏడాదికో ఎర్ర తువ్వాలు. మంటల్లోకి వెళ్ళేముందు ఆ తువ్వాలు తడిపి ముక్కూ నోరూ బిగించి కట్టుకోవాలని మిల్లు సూపర్‌వైజరే నేర్పాడు. చెరకు పిప్పి తగలబడినప్పుడు అది బాగానే పనిచేసేది. ఆ తువ్వాలు భుజాన వేసుకుని బజారుకి వెళ్ళడం మాకు గొప్ప.

ఒక మధ్యాహ్నం గంధకం గోదాము అంటుకుంది. మిల్లు సిబ్బంది బీరువా తెరిచి పొడుగు గొట్టాలున్న మాస్కులు పెట్టుకున్నారు. మేము అలవాటు ప్రకారం తువ్వాళ్ళు తడిపి కట్టుకున్నాం. తలుపు దగ్గర నిలబడి నీళ్ళు అందించింది నేనే. మంట ఆరింది గానీ గొంతు కారం పూసినట్టు మండింది. రెండు రోజుల్లో తగ్గిందనుకున్నాను. తరువాతి వారం నా సైకిల్ షాపులో టైరుకి గాలి కొడుతూ ఊపిరందక పంపు మీదే వాలిపోయాను.

నా భార్య మరియమ్మ అన్నం క్యారేజీ పట్టుకుని అప్పుడే వచ్చింది. "ఏటి మావా, సిన్నపిల్లడి సైకిలికి గాలి కొట్టనేకపోతన్నావు? షాపు ముయ్యి. ఆస్పత్రికి పద, బేగి," అంది.

ఊళ్ళో డాక్టరుగారు ఎక్స్‌రే తీయించి టీబీ అనుమానమన్నారు. కఫం పరీక్షలో ఏమీ లేదు. అయినా మందులు మొదలుపెట్టారు. ఆయాసం తగ్గలేదు సరికదా, కళ్ళు పచ్చబడ్డాయి. లివర్ దెబ్బతింటోందని మందులు ఆపి విశాఖ పంపారు. అక్కడ ఛాతీ డాక్టరమ్మగారు స్పైరోమెట్రీ చేయించారు. గొట్టంలోకి బలంగా ఊదమంటే నా ఊపిరి సగంలోనే ఆగిపోయింది. ఆవిడ కాగితం పక్కనపెట్టి, జబ్బుకి ముందు ఏం పని చేశారని అడిగారు. అంతవరకు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. సైకిల్ షాపు సంగతి చెప్పాను. ఇంకేమైనా పని చేశారా అన్నారు. మంట సంగతి, తువ్వాలు సంగతి చెప్పాను.

"సల్ఫర్ పొగ నీళ్ళలో కలిస్తే యాసిడ్ అవుతుందండీ. మీరు యాసిడ్ గుడ్డ ముక్కుకి కట్టుకుని పని చేశారు," అన్నారు.

నాకు టీబీ అన్నప్పుడు భయం వేసింది. ఈ మాటకి కోపం వచ్చింది.

స్టెరాయిడ్ మాత్రలు, ఇన్‌హేలర్, పెదాలు ముడిచి మెల్లగా ఊపిరి వదిలే వ్యాయామం. మొహం ఉబ్బింది, షుగర్ పెరిగింది. చలికాలంలో మళ్ళీ పడిపోతే అడ్మిట్ చేసి ఆక్సిజన్ పెట్టారు. ఆ మంచం మీద నన్ను తినేసిన ఆలోచన ఒక్కటే. మా వీధివాళ్ళు ఇంకా ఆ తువ్వాళ్ళే తడుపుకుంటున్నారు.

తేరుకోగానే మిల్లుకి వెళ్ళాను. నాకేమీ వద్దు, మావాళ్ళకి మాస్కులివ్వండి అన్నాను. మేనేజరు కుర్చీ చూపించాడు, మర్యాదగానే మాట్లాడాడు. "సేఫ్టీ చట్టం వర్కర్లకండీ. మీరు జీతం తీసుకోలేదు, హాజరు మస్టర్‌లో పేరు లేదు. మీరే ఇష్టపడి వచ్చారు," అన్నాడు.

వీధిలోనూ నాకు మద్దతు లేదు. నాతో గోదాములోకి వచ్చిన యేసురత్నమే అరుగు మీద పదిమందిలో నవ్వుతూ అన్నాడు: "అన్నకి ఎర్ర తువ్వాలు సాలనేదట్రా. ఇప్పుడు ఏనుగు తొండం కావాలట." మిల్లువాళ్ళకి కోపం వస్తే పిలవడం మానేస్తారని మా వీధివాళ్ళ బెంగ. పిలుపే గౌరవమనుకునేవాళ్ళకి ఏం చెప్పను?

నేను చదివిన బడి చర్చి కీర్తనల పుస్తకం. ఇంగ్లీషు డిక్షనరీ దగ్గర పెట్టుకుని నేర్చుకున్నదే. విశాఖ చెకప్‌కి వెళ్ళినప్పుడల్లా లైబ్రరీలో కూర్చుని ఫ్యాక్టరీల చట్టం చదివేవాణ్ణి. దమ్ముతో పాటు ఓపికా పెరిగింది. వర్కరు ఎవరో చెప్పే చోట, జీతం తీసుకున్నా తీసుకోకపోయినా అన్న అర్థం వచ్చే మాట కనబడింది. బల్ల మీద చెయ్యి చరిచాను. పక్కాయన లేచి వేరే బల్లకి వెళ్ళిపోయాడు.

ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు ఆఫీసుకి అర్జీ రాశాను, జవాబు రాలేదు. మళ్ళీ రాశాను, పరిశీలిస్తామన్నారు. ఇలా రెండువేల సంవత్సరం దాటింది. చివరికి స్పైరోమెట్రీ రిపోర్టు పట్టుకుని నేనే ఇన్‌స్పెక్టరుగారి ఎదుట నిలబడ్డాను. మస్టర్‌లో పేరు లేదని ముందు ఆయనా తల అడ్డంగా ఊపారు. తువ్వాలు కట్టుకోవడం ఎవరు నేర్పారని అడిగారు.

"మిల్లోల్లేనండి. నెలనెలా డ్రిల్లు పెట్టి నేర్పినారు. రాపోతే ఎందుకు రానేదని అడిగీవోరు," అన్నాను.

ఆయన కలం కింద పెట్టారు. "శిక్షణ వాళ్ళదే, పిలుపూ వాళ్ళదే. ఇంక మీరు ఎవరి పని చేసినట్టు?" అన్నారు. తరువాతి డ్రిల్లుకి చెప్పకుండా వచ్చి, తడి తువ్వాళ్ళతో వరసలో నిలబడ్డ మావాళ్ళని స్వయంగా చూశారు. యేసురత్నమే ముందుకొచ్చి, నాకు ఆయాసం ఆ గోదాము మంట తరువాతే మొదలైందని ఆయనకు చెప్పాడు.

ఇప్పుడు పొద్దున, సాయంత్రం ఇన్‌హేలర్ వాడతాను. చలిలో తిరగను. నా షాపులో టైర్లకి నేనే గాలి కొడతాను, నడుమ ఒకసారి ఆగుతాను, అంతే. నాలాంటి వాళ్ళకి ఒక్క మాట చెబుతాను. ఆయాసంతో డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన అడగకపోయినా మీరు ఏ పొగలో, ఏ దుమ్ములో పని చేశారో చెప్పండి. జీతం లేని పని కూడా చెప్పండి.

ఇన్‌స్పెక్టరుగారి ఆఫీసు నుంచి నాకు వచ్చిన జవాబు ఇది:

"మీ అర్జీ పరిశీలించడమైనది. మంటలార్పుటకు మిల్లు పిలిచిన వాలంటీర్లు, జీతము లేకపోయినను, ఆ పనిలో ఉన్నంతసేపు మిల్లు పనివారే. వారికి సిబ్బందితో సమానముగా మాస్కులు ఇవ్వనిదే లోపలికి పంపరాదని, గాయపడినను జబ్బుపడినను మిల్లే వైద్యము చేయించవలెనని యాజమాన్యమును ఆదేశించడమైనది. మీకు కలిగిన జబ్బు మిల్లు పనిలో కలిగినదిగా నమోదు చేయడమైనది."