మేనత్త ఆమేన్

మా మేనత్త ప్రార్థన ముగియకముందే ఆమేన్ అనేది. కంబదూరు దగ్గర మా ఊరి చర్చిలో పాస్టరయ్య కళ్లు మూసుకుని ఇంకా స్తోత్రాలు చెబుతుండగానే గట్టిగా "ఆమేన్" అనేసి, కొంగు దోపుకుని లేచిపోయేది. అయిపోయిందనుకుని సగంమంది కళ్లు తెరిచేవాళ్లు. మా నాయనకు తల కొట్టేసినట్టుండేది.

"అంత ఆత్రం యాలక్కా?" అనేవాడు.

"మనం అడిగింది పైనుండే ఆయప్పకు అర్థమయింది లేరా. ఇంగ చేసేది ఉండాది గదా!"

ఒక ఎండాకాలం, కాలు విరిగి మంచాన పడ్డ ఒంటరి ముసలామె ఇంటికి అందరం ప్రార్థనకు వెళ్లాం. పెరట్లో తొట్టి ఎండిపోయి మేకలు గోలగోలగా అరుస్తున్నాయి. "ప్రభువా, ఈ ఇంటికి నీళ్లు దయచేయుము" అని మొదలుపెట్టి, పాస్టరయ్య మోషే బండను కొట్టి నీళ్లు రప్పించిన కథలోకి దిగారు. మేనత్త ఆమేన్ వినిపించింది. అలవాటైపోయి ఈసారి ఎవరూ కళ్లు తెరవలేదు.

మోషే అయ్యాడు, వాన కురిపించిన ఏలీయా అయ్యాడు. ఎట్టకేలకు బయటికి వచ్చి చూస్తే, పాస్టరయ్య కొత్త మోపెడ్‌కు రెండు పక్కలా ఖాళీ బిందెలు మేకల పగ్గాలతో కట్టేసి ఉన్నాయి. మూడో బిందె ఒళ్లో పెట్టుకుని మేనత్త వెనక సీటు మీద కూర్చుని ఉంది.

పాస్టరయ్య తన తెల్లటి ఇస్త్రీ బట్టల వంక చూసుకున్నారు. "ఏమ్మా ఇది?"

"దేవుడు ఇన్నాడయ్యా. ఊరిబయట బోరింగులో నీళ్లుండాయి. బండి తాళమే మీ జేబులో ఉండాది."