తానీషా నాష్తా

అరబ్బు దేశపు హుఫూఫ్‌లో కూలీల బస్సు నడిపే మహబూబ్ సుభాని పొద్దునపూట తొందరపడగా చూసినవాళ్లు లేరు. మీసం దువ్వుకుని, నేలమీద సుఫ్రా గుడ్డ పరిచి, పళ్లెంలో కిచిడీకి గుంట చేసి అందులో నువ్వుల పులుసు, ఖట్టా, పోసుకుంటాడు. బయట కూలీలు హారన్ మోగిస్తుంటే కూర్చున్నచోటి నుంచే ఆగమని చెయ్యెత్తుతాడు. పుట్టింది గోల్కొండ కోటగోడ పక్కన. అందుకే నాష్తాతోపాటు కోట కథ కూడా వడ్డిస్తాడు. "ఔరంగజేబుకు లొంగనన్నడు తానీషా. ఎనిమిది నెల్లు కోటను ఇడవలే. ఆఖరికి లోపలోడే దర్వాజ తీసిండు. పట్టుకపోనీకి వచ్చిన సర్దార్లతోని ఏమన్నడో ఎర్కేనా? కూసోండి, నాష్తా చేసి పోదామన్నడు!" గదిలో ఉండే భీమవరం అమ్మిరాజు రోజూ ఒకటే అడుగుతాడు: "మా రామదాసుని జైల్లో పెట్టినోడేగా?" "గది వేరే ముచ్చట" అని సుభాని అతనికి ఇంకో గరిటె వేస్తాడు.

మొన్న బస్సు మళ్లీ ఆలస్యమైంది. కడప సూపర్‌వైజర్ ఫయాజ్ తలుపు తోసుకుని వచ్చాడు. "సుభాని భాయ్, వీసా ఇచ్చిన కఫీలే నీకు ఎగ్జిట్ కొట్టేసినాడు. సామాన్లు సర్దుకో, ఇంటికి పంపీమంటాండాడు." సుభాని మీసం సవరించుకున్నాడు. "కూసో ఫయాజ్ భాయ్. నాష్తా చేసి పోదాం." ఫయాజ్ కాసేపు తటపటాయించి కూర్చున్నాడు, మారు కూడా అడిగి వేయించుకున్నాడు. సాయంత్రానికి క్యాంపంతా ఇదే కబురు: సుభాని అచ్చం తానీషాయే! ఆ పళ్లేలు కడిగింది మాత్రం అమ్మిరాజే. సుభాని పళ్లెంలో కిచిడీ గుంట చెక్కుచెదరలేదు. ఖట్టా అంచుదాకా అలాగే ఉంది.