గరికలో బెజ్జాలు

గుంటూరులో మేం అద్దెకున్న ఇంటి ముందు చిన్న గరిక లాన్ ఉండేది. ఎనభైల మధ్యలో మా వీధిలో అలాంటిది ఇంకో ఇంటికి లేదు. ఇంటి ఓనరు గారు వ్యవసాయ శాఖలో చేసి రిటైరైన మనిషి. వెనక వాటాలో ఒక్కరే ఉండేవారు. మేం దిగిన రోజే, "లాన్ జాగ్రత్తమ్మా," అన్నారు. ఇంకే షరతూ పెట్టలేదు.

ఆయనకు చెప్పకుండానే నేను ట్యూషన్లు మొదలుపెట్టాను. సాయంత్రాలు ఆయన లైబ్రరీకి వెళ్లేవారు. పిల్లలంతా లాన్ మీదే కూర్చునేవారు, వానకు తడిసిన నేలైనా సరే. ఏడాది తిరిగేసరికి మధ్యలో గడ్డి ఊడిపోయింది. నల్లరేగడి బిగుసుకుపోయి, నీళ్లు పోస్తే ఇంకకుండా గేటు దాకా పారేవి.

ఎండాకాలం చివర ఒక పొద్దున కిటికీ తెరిస్తే, ఓనరు గారు సన్నటి గునపంతో లాన్‌లో బెజ్జాలు పొడుస్తున్నారు. జానెడుకొకటి, వరసగా.

"గది కట్టడానికి కొలతలు పెడుతున్నాడేమో. మనల్ని ఖాళీ చేయిస్తాడు," అన్నాను మా ఆయనతో.

"కొలతలకి టేపు కావాలి గానీ గునపమెందుకే?" అన్నారు మా ఆయన, పేపర్లోంచి తల ఎత్తకుండా.

మర్నాడూ అదే పని. మధ్యమధ్యలో ఓనరు గారు మా కిటికీ వంక చూస్తున్నట్టే అనిపించింది. ఆయన లోపలికి వెళ్లగానే పోయి ఒక బెజ్జంలో వేలు పెట్టి చూశాను. ఏమీ లేదు. మూడో రోజు రిక్షాలో ఇసుక బస్తాలు దిగాయి. ఇక ఆగలేకపోయాను.

"ఏమండీ, ఖాళీ చేయమనాలంటే నోటితో చెప్పొచ్చు గదా!"

ఓనరు గారు తెల్లబోయారు. "ఖాళీ ఏంటమ్మా? అంతమంది పిల్లలు తొక్కితే నేల బిగుసుకుపోదూ? వేళ్లకి గాలాడక గడ్డి చస్తోంది. ఈ బెజ్జాల్లో ఇసకా ఎరువూ నింపితే మళ్లీ లేస్తుంది."

"ట్యూషన్ల సంగతి మీకు తెలుసా?"

"మీవాళ్లు చదివే ఎక్కాలు వీధి చివరిదాకా వినపడతాయి గదమ్మా!"

సిగ్గేసింది. ఆ సాయంత్రమే పిల్లల్ని అరుగు మీదికి మార్చాను. అయినా మిగిలిన ఇసుక గోడవారన ఉన్నన్నాళ్లూ దాని మీద ఓ కన్నేసే ఉంచాను.

తొలకరి వానకు నీళ్లు గేటు దాకా పారకుండా నేలలోకే ఇంకాయి. దసరా నాటికి గరిక మళ్లీ కమ్ముకుంది. ఆ తర్వాత ఒకరోజు ఓనరు గారు, పిల్లలకి లెక్కలు తను చెబుతానంటూ వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఎందుకు చెబుతానన్నారో అని దానికీ రెండు రోజులు అనుమానపడ్డాను.