సైరన్ ముందా, తలుపు ముందా

కాలువ మీద లాకు దగ్గర ముప్పై నాలుగేళ్ళు లస్కరుగా చేసి రిటైరైన జ్ఞానప్రకాశానికి ముసలితనంలో పట్టుకున్న పిచ్చి ఒక్కటే, టీవీలో వచ్చే ‘ఏడో ఓడ’. భూమి పాడైపోయాక నాలుగొందల మంది ఒక పెద్ద ఓడెక్కి నక్షత్రాల మధ్య తిరుగుతుంటారు. ఇంగ్లీషులో తీసి తెలుగు మాటలు పెట్టారు. నక్షత్రాల సంగతి ఆయనకి పెద్దగా పట్టదు. ఆయన చూసేది తలుపులు. ఆ ఓడ నిండా తలుపులే. ఏది ఎప్పుడు తియ్యాలి, ఏది ఎప్పుడు ముయ్యాలి అన్నదాని మీదే అందరి ప్రాణాలూ ఉంటాయి. లస్కరు ఉద్యోగమూ అంతేగా. మొగల్తూరు వైపు పారే ఆ కాలువలో నీళ్ళు పెరిగితే తలుపులు ఎత్తాలి, తగ్గితే దించాలి. చూసేవాళ్ళకి ఇనపచక్రం తిప్పడంలా కనిపిస్తుంది. తిప్పినవాడికి తెలుస్తుంది ఆ బరువు.

ఆ సీరియల్ ఆయన చూసేది ఎదురింటి సూరమ్మ ఇంట్లో. ఆదివారం గుళ్ళో ప్రార్థన అయ్యాక, భోజనాలయ్యాక, కుర్చీలు లాక్కుని కూర్చుంటారు. టీవీకి నెట్ కలిపి పెట్టేది సూరమ్మ కూతురు సారిక. ఇరవైమూడేళ్ళ పిల్ల, ఊళ్ళో ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతుంది. నాలుగో మనిషి వడ్రంగి వీరబ్రహ్మం. ఏ విషయమైనా చెక్క మీద పెన్సిలుతో గీత గీసినట్టు తేల్చేస్తాడు. ఆ గీత వంకరైనా సరే, చెరపడు.

ఆ ఆదివారం చివరి ఎపిసోడ్ వచ్చింది. ఓడ పక్కన చిల్లు పడి గాలి బయటికి పోతోంది. మెకానిక్ డేరన్ బయటి గదిలో మరమ్మతు చేస్తున్నాడు. కెప్టెన్ ఆన్యా పరుగెత్తుకొచ్చి మధ్య తలుపు మూసేసింది. నాలుగొందల మంది బతికారు. డేరన్ అవతలే ఉండిపోయాడు. సైరన్ మోగుతుండగా సీజన్ అయిపోయింది.

“మంచి పని చేసింది,” అన్నాడు వీరబ్రహ్మం, పేర్లు పడుతుండగానే. “నాలుగొందల మందికి ఒక్కడు. ఆలోచించడానికేం ఉందండీ?”

“మూసినందుకు కాదు బాబాయ్ గొడవ,” అంది సారిక, ఫోన్ చూస్తూ. “రూలేంటి? ముందు సైరన్ వెయ్యాలి, ముప్పై లెక్కపెట్టాలి, అప్పుడు తలుపు ముయ్యాలి. ఆవిడ సైరన్ ముందు వేసిందా, తలుపు ముందు మూసిందా? ఇక్కడ జనం రెండు జట్లై తిట్టుకుంటున్నారు.”

జ్ఞానప్రకాశం చేతిలో మరమరాల గిన్నె ఉంది. దాన్ని మెల్లిగా కింద పెట్టాడు.

“వేసింది,” అంది సూరమ్మ. “నేను విన్నాను. మోగాక కూడా రాకపోతే వాడి తప్పు. కొందరు మగాళ్ళంతే, ఎంత మొత్తుకున్నా చెవినపడదు.”

ఆవిడ ఎవర్ని అందో అందరికీ తెలుసు.

పదకొండేళ్ళ కిందట, నవంబరు తుఫానులో, సూరమ్మ భర్త చిట్టియ్య ఆ లాకు దగ్గరే పోయాడు. తలుపులకి దిగువన వంతెన స్తంభాలకి పేరుకున్న గుర్రపుడెక్క మొక్కలు తీస్తున్నాడు. ఎగువన గట్టు కోసుకుపోతోందని, ఆ గట్టు కిందున్న పేట జనం కేకలు పెట్టారు. తలుపులు ఎత్తకపోతే పేట మునుగుతుంది. జ్ఞానప్రకాశం ఎత్తాడు. పేట నిలబడింది. నీళ్ళు ఒక్క దూకు దూకి చిట్టియ్యని తీసుకుపోయాయి.

ఎత్తేముందు లస్కరు మెడలోని విజిల్ మూడుసార్లు గట్టిగా ఊది, వంద లెక్కపెట్టాలి. దిగువన ఎవరున్నా గట్టెక్కడానికి అంత వ్యవధి ఇవ్వాలి. విజిల్ ఊరంతా విన్నది. విచారణకొచ్చిన ఆఫీసరు ముందు పదిమంది ఆ మాటే చెప్పారు, ఆయన రాసుకున్నాడు. మరి విజిల్ వేసినా మనిషి పైకి ఎందుకు రాలేదు? దానికి జవాబు ఊరే తయారుచేసుకుంది. చిట్టియ్య తాగుతాడని ఊరికి తెలుసు. యానాం నుంచి ఎవరో తెచ్చిన చవక మందు పుచ్చుకుని నీళ్ళలో దిగుంటాడు అన్నారు. అన్నవాడెవడో ఎవరికీ తెలీదు, నమ్మనివాడు మాత్రం ఒక్కడూ లేడు.

సూరమ్మ కూడా నమ్మింది. మొగుడి ఫొటో గోడకి పెట్టలేదు. ఏటా పోయినవాళ్ళ పేరున ఇంట్లో ప్రార్థన పెట్టించి, పదిమందికీ భోజనం పెట్టే ఆనవాయితీ వాళ్ళ గుళ్ళో ఉంది. జ్ఞాపకార్థ కూడిక అంటారు. చిట్టియ్యకి ఒక్క ఏడూ పెట్టలేదు. “తాగి చచ్చినవాడికి పాటలేం పాడతాం,” అనేసింది పాస్టరు గారితో. పన్నెండేళ్ళ సారికని స్కూల్లో పిల్లలు ఏమని పిలిచేవారో ఇక్కడ రాయక్కర్లేదు.

జ్ఞానప్రకాశం మంచివాడే. వాళ్ళింటి పైకప్పు వేయించాడు, సారికని సైకిల్ మీద కాలేజీకి దింపాడు. అందుకే ఊరు ఆయన మాట ఇంకా బాగా నమ్మింది, అదే వచ్చిన చిక్కు.

“ఇంత గొడవెందుకు, వెనక్కి తిప్పి చూద్దాం,” అంది సారిక, రిమోట్ తీస్తూ.

“ఎందుకమ్మా,” అన్నాడు జ్ఞానప్రకాశం. “అయిపోయిందిగా. కరెంటు కూడా పోయేలా ఉంది.”

“ఆదివారం కరెంటు పోదు మావయ్యా.”

“నాకు ఇంటి దగ్గర పనుంది.” లేచాడు.

“కూర్చోండి అన్నయ్యగారూ, టీ పెట్టాను,” అంది సూరమ్మ. “మీ మాటే ఆఖరి మాట. తలుపుల సంగతి మీకు తెలిసినట్టు మాకేం తెలుసు?”

ఆయన కూర్చున్నాడు. సారిక బొమ్మని వెనక్కి తిప్పింది. డేరన్ మళ్ళీ బతికొచ్చాడు, స్క్రూలు బిగిస్తున్నాడు. ఆన్యా నడవాలో పరుగెత్తుతోంది. సారిక వేగం తగ్గించింది. ఆన్యా చెయ్యి పిడి మీద పడింది. ఇప్పుడు వేస్తుంది, అనుకున్నాడు జ్ఞానప్రకాశం. దేవుడా, ఈ ఒక్కసారికి ముందే వేసిందనిపించు. పిడి కిందికి దిగింది. తలుపు దిగింది. డేరన్ తలతిప్పి చూశాడు. చప్పుడు లేదు. తలుపు నేలకి ఆనుకున్నాక, ఆన్యా దానివైపు ఒక్క క్షణం చూసి, అప్పుడు గోడమీది ఎర్ర బొత్తాం నొక్కింది. సైరన్ మోగింది.

సారిక బొమ్మని ఆపేసింది.

“అయితే మాత్రం ఏంటండీ? కంగారులో మర్చిపోయి ఉంటుంది,” అన్నాడు వీరబ్రహ్మం.

“మర్చిపోవడం సరే,” అంది సారిక. “మూసేశాక ఎందుకు మోగించింది? ఇంక వినడానికి అవతల మనిషి లేడుగా. లోపలున్న నాలుగొందల మందికి వినపడాలనే కదా? రేపు అందరూ విన్నామని సాక్ష్యం చెప్పాలనే కదా? దొంగ!”

“అంత అనకమ్మా,” అన్నాడు జ్ఞానప్రకాశం. “అప్పుడే గుర్తొచ్చి వేసుంటుంది. ఇంకా టైముందేమో, వింటాడేమో అన్న ఆశతో. ఆ క్షణంలో దొంగతనం ఉండదు. మర్నాడు ఎవరో వచ్చి ‘మేం విన్నాం’ అంటే, అవునని తలూపుతుంది చూడు, అక్కడ మొదలవుతుంది.”

“మర్నాడు సంగతి మీకెలా తెలుసు? తర్వాతి సీజన్ ఇంకా రాలేదుగా,” అంది సారిక నవ్వుతూ. ఆయన మొహం చూసి నవ్వు ఆపేసింది.

సూరమ్మ టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ ఎప్పుడొచ్చిందో ఆయన చూడలేదు. ఇప్పుడైనా మాట మార్చొచ్చు. పదకొండేళ్ళుగా మార్చుతూనే ఉన్నాడు, కొత్తేమీ కాదు. కానీ తెరమీద ఆ ఆడమనిషి బొత్తాం మీద వేలు పెట్టి అలాగే ఆగిపోయి ఉంది. ఆవిణ్ణి చూస్తూ ఇంక నోరు కట్టుకోవడం ఆయన వల్ల కాలేదు.

“నేను కూడా తర్వాతే వేశాను సూరమ్మా,” అన్నాడు. “గట్టు పోతోందన్న కేకలకి పరుగెత్తుకెళ్ళి చక్రం పట్టుకున్నాను. విజిల్ మెడలోనే ఉంది. ఆరు చుట్లు తిప్పాక చిట్టియ్య గుర్తొచ్చాడు. పొద్దున్న వాణ్ణి అక్కడ దింపింది నేనే. అప్పుడు ఊదాను. ఊపిరి ఆగిపోయేదాకా ఊదాను. ఊరు విన్నది అదే.”

సూరమ్మ గ్లాసులు బల్లమీద పెట్టింది. ఒక్క చుక్క ఒలకలేదు.

“ఆయన తాగున్నాడా?”

“లేదు. పొద్దున్న నాతో టీ తాగాడు. మానేసి ఏడు నెలలైందని చెప్పాడు. సారికకి చెప్పానన్నాడు, నీకు క్రిస్మస్‌కి చెబుతానన్నాడు.”

“నాకు చెప్పాడమ్మా,” అంది సారిక. చెంపలమీద నీళ్ళు కారిపోతున్నాయి. “నేను చెబితే నువ్వే నమ్మలేదు.”

“పేటలో అన్ని ఇళ్ళు నిలబడ్డాయి కదమ్మా,” అన్నాడు వీరబ్రహ్మం, ఏదో ఒకటి అనాలి గనక.

“తలుపులు ఎత్తినందుకు నేనేమైనా అన్నానా?” సూరమ్మ గొంతు మొదటిసారి పైకి లేచింది. “మర్చిపోయినందుకూ అనను. మనిషన్నాక మర్చిపోతాడు. పదకొండేళ్ళు అన్నయ్యగారూ! రాత్రి పడుకునేముందు రోజూ ఆయన్ని తిట్టుకున్నాను. పిల్లని ఎదురుగా పెట్టుకుని తిట్టాను. మీరు ఈ కుర్చీలోనే కూర్చుని విన్నారు.”

“విన్నాను,” అన్నాడు జ్ఞానప్రకాశం.

సూరమ్మ లోపలికెళ్ళింది. ఇనప్పెట్టె మూత తీసిన చప్పుడైంది, బట్టలు కిందికి లాగిన చప్పుడైంది. చాలాసేపటికి ఒక ఫొటో పట్టుకుని వచ్చింది. అద్దం మీద మరక ఉంటే పైటతో తుడిచింది, ఆగి, మళ్ళీ తుడిచింది.

“బ్రహ్మంగారూ, టీవీ పైన ఒక మేకు కొట్టండి.”

వీరబ్రహ్మం సుత్తి కోసం ఇంటికి పరుగెత్తాడు. జ్ఞానప్రకాశం చెప్పుల కోసం వెతుక్కుంటూ గుమ్మం దాకా వెళ్ళాడు. ఇంక ఈ ఇంటికి రావడం ఉండదని ఆయనకి అర్థమైపోయింది.

“ఆగండి,” అంది సూరమ్మ, ఫొటో మీంచి చూపు తిప్పకుండా. “వచ్చే నెలలో ఆయన పోయిన రోజు వస్తుంది. కూడిక పెడుతున్నాను. విజిల్ విన్నామని చెప్పినవాళ్ళందర్నీ పిలుస్తాను. పాట అయ్యాక పాస్టరు గారికంటే ముందు మీరు లేచి, ఇందాక మాకు చెప్పిందంతా వాళ్ళకి చెప్పండి. ఏడు నెలల సంగతి కూడా.”

జ్ఞానప్రకాశం గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఊరందరి మొహాలూ ఒక్కొక్కటే కళ్ళముందు కదిలాయి. లాకు మీద వాన పడుతున్న ఆ రోజు వేసినంత భయం వేసింది.

“వస్తానమ్మా,” అన్నాడు. “అందరికంటే ముందే వస్తాను.”