పాచికల కృష్ణవేణమ్మ

కృష్ణవేణమ్మ మేడం దివంగతులయ్యారన్న కబురు పోయిన సోమవారం జమ్మలమడుగు బస్సులో ఉండగా అందింది. నమ్మబుద్ధి కాలేదు. ముందురోజు సాయంత్రమే ఫోనులో నాతో పోట్లాడిన మనిషి! అయినా ఆవిడ మీద ఏడుపుగొట్టు వ్యాసం రాస్తే ఆవిడ ఆత్మ నన్ను క్షమించదు. నవ్వడం, నవ్వించడమే జీవితవ్రతంగా బతికిన మహాతల్లి ఆమె.

ప్రొద్దుటూరులో లెక్కల టీచరుగా పనిచేసిన ఆవిడ ప్రతి ఆదివారం తన మిద్దెమీద మాచేత ఒక వింత ఆట ఆడించేవారు. ఒకరు కథ నడుపుతారు. చుట్టూ కూర్చున్నవాళ్లు తలా ఒక పాత్రై మాట్లాడతారు. తెగించిన పని ఫలించిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. ఆవిడ మేనల్లుడు బెంగుళూరు నుంచి తెచ్చిన ఆ ఆట పుస్తకంలో కథలన్నీ రెక్కల పాములవి. అవి మాకు రుచించక మా కథలు మేమే రాసుకున్నాం. జిరాక్సు తీయించి దువ్వూరు, కమలాపురం కుర్రాళ్లతో ఇచ్చిపుచ్చుకునేవాళ్లం. ఫ్యాక్షన్ ఇంకా చల్లారని కాలమది. రెండు పార్టీల ఇళ్ల పిల్లలమూ ఆ చాప మీదే కూర్చునేవాళ్లం కనుక మా కథల్లో ఏం పారేదో వేరే చెప్పనక్కర్లేదు.

ఒకసారి మేం "ఎడంపక్క నుంచి బాంబెయ్యాల!" అని అరుస్తుంటే వీధిన పోతున్న కానిస్టేబుల్ లాఠీతో మెట్లెక్కి వచ్చాడు. మేడం అతన్ని కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఒక పాత్ర అప్పగించి, చేతిలో పాచికలు పెట్టారు. పాపం, మొదటి సన్నివేశంలోనే అతని పాత్ర పోయింది. "నేనెట్ల సచ్చినా మేడం? డ్యూటీలో ఉండా గదా!" అని అలిగాడు. మరుసటి ఆదివారం మళ్లీ వచ్చాడు.

శృంగారం విషయంలో ఆవిడది వేరే పద్ధతి. మా పులివెందుల వాడొకడు శోభనం గదిని పేజీలకు పేజీలు వర్ణించి తెచ్చాడు. మేడం కళ్లద్దాలు సవరించుకుని అంతా చదివి, పరమ గంభీరంగా, "తలుపేసుకున్యారు. తెల్లారింది. కాకులు అరుస్తాండాయి. తర్వాత ఏంది నాయనా?" అన్నారు. అందరికంటే ఎక్కువ వాడే నవ్వాడు.

నెత్తురును మాత్రం దాచనిచ్చేవారు కాదు. "మన ఊర్లల్లో జరిగినదాన్ని జరగలేదని ఎట్ల చెప్తాం?" అనేవారు. కాకపోతే ప్రతి కథ అట్టమీదా లోపల ఏముందో రాసి తీరాలి: బాంబులు, వేటకొడవళ్లు, బూతులు. ఇష్టమైనవాడు ఆడతాడు, లేనివాడు టీ కాస్తాడు. అంతటితో సరిపోయిందనుకున్నాం.

ఆ ధీమా దువ్వూరు మద్దిలేటి రాసిన కథతో పోయింది. అందులో చుక్క నెత్తురు లేదు. రెండు వర్గాలు రాజీపడి ఒకే పంక్తిలో భోంచేస్తాయి. "ఇందులో ఏమీ లేదు, పిల్లలూ ఆడొచ్చు" అని అట్టమీద గర్వంగా రాశాడు. మా చాపమీద మద్దిలేటి వాళ్లకు అవతలి పార్టీ ఇంటివాడు ఓబులేసు. ఎన్ని బాంబులు పడినా చలించనివాడు, కోడికూర వడ్డిస్తున్నారు అని మద్దిలేటి అనగానే లేచి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. వాళ్ల నాయన ఫ్యాక్షన్లో పోయాడని మాకు తెలుసు. రాజీ భోజనం తిని ఇంటికొస్తూ దారిలో హతుడయ్యాడని మాత్రం అప్పటికి తెలియదు.

"నేనింక రాను మేడం" అన్నాడు.

మేడం కారణం అడగలేదు, మద్దిలేటిని తిట్టలేదు. "పంక్తిలో చాలనుకుంటే ఏం చేస్తాం? ఇస్తరి మీద చెయ్యి అడ్డం పెడ్తాం. ఇంక ఈడ గూడా అంతే. ఎవరు చెయ్యి అడ్డం పెట్టినా కథ ఆగాల. ఎందుకని అడిగినోనికి నా ఇంట్లో టీ లేదు" అన్నారు. అట్టమీది రాత ఒక్కటే చాలదనీ, ఎదుట కూర్చున్న మనిషిని చూసుకుంటూ కథ నడపాలనీ మాకు ఆ రోజు తెలిసింది. తమాషా ఏమిటంటే, నిజం భోజనాల దగ్గర ఆవిడ ఎవరి చెయ్యినీ లెక్కచేసేవారు కాదు. వేళ్ల సందుల్లోంచైనా నెయ్యి పోసేవారు. "అన్నం కాడ నా మాట, ఆట కాడ మీ మాట" అని దబాయించేవారు.

ఓబులేసు మళ్లీ వచ్చాడు. చాలాసార్లు చెయ్యి అడ్డం పెట్టాడు. అన్నిసార్లూ కథ ఆగింది. ఎన్నికలు వచ్చి పోయాయి. ఒక ఆదివారం తనంతట తానే జరిగిందంతా చెప్పి, "ఆ రాజీ కథ ఆడదాం మేడం" అన్నాడు. భోజనానికి పోయే పెద్దమనిషి పాత్ర అడిగి మరీ తీసుకున్నాడు. కూరలో ఉప్పు లేదని మద్దిలేటి వర్గాన్ని ఏకిపారేస్తుంటే మేం పడీపడీ నవ్వాం. ఇక తిరుగుదారి. ఎవరైనా కాపుకాశారేమో పాచికలు తేల్చాలి. మేడం పాచికలు తీసి కొంగున ముడేసుకున్నారు.

"ఇల్లొచ్చింది నాయనా. తలుపు ఎవరు తీసినారు?"

"నేనే తీసినా మేడం. శానా చిన్నోన్ని గదా, గొళ్లెం అందల్యా. పీటెక్కి తీసినా" అన్నాడు ఓబులేసు.

కథలు రాసేవాళ్లు ఇంకా వస్తారు, నడిపేవాళ్లూ వస్తారు. ఆ ప్రశ్న అడగగలిగిన గురువు మాకు మళ్లీ దొరకరు. ఆ పుణ్యమూర్తికి ఇదే మా అశ్రునివాళి, నవ్వుతూనే. పిల్లలు లేని ఆవిడ పాడెను మొన్న ముందువైపు ఇద్దరు ఎత్తుకున్నారు. ఒక పక్క ఓబులేసు, ఇంకో పక్క మద్దిలేటి.