మాట రాని బండి

నా చెవుల మీద నాకు చాలా గర్వం. మా నాన్న భుజంగరావు గారు రైల్వే ఉద్యోగం మీద రాజమండ్రి నుంచి సూరత్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నాకు చదువు అంతగా అబ్బలేదు. గోడాదరా మెయిన్ రోడ్డు మీద బండ్లకు స్పీకర్లు బిగించే దుకాణం పెట్టుకుని పద్దెనిమిదేళ్లుగా అదే పని చేస్తున్నాను. రోడ్డు మీద పోతున్న ఆటోలో ఏ పక్క స్పీకరు చిరిగిందో లోపల కూర్చునే చెప్పేస్తాను. అలాంటివాణ్ణి మార్కండేయ విషయంలో మూడుసార్లు బోర్లాపడ్డాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఆయన గురించి చెప్పాలంటే ఆ సంగతి దాచి చెప్పడం కుదరదు.

మార్కండేయది సిరిసిల్ల దగ్గర ఒక పల్లె. పంతొమ్మిదో ఏట సూరత్ వచ్చి, ఇరవై ఆరేళ్లు పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గాలు నడిపాడు. నిలబడి నిలబడి మోకాళ్లు మొరాయించాక, మూడేళ్ల కిందట ఒక పాత పికప్ కొన్నాడు. నేసిన గుడ్డ చుట్టలను ఇక్కడ తాకాలంటారు. కార్ఖానాల్లో తాకాలు ఎక్కించుకుని రింగ్ రోడ్డు మార్కెట్లకు చేర్చడం ఇప్పుడు ఆయన పని. భార్య భాగీరథి కూడా అదే కార్ఖానాలో, పక్క గదిలో మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. బండి కొన్న రోజే ఆమె ఆ పని మానేసి ఆయన పక్క సీట్లోకి వచ్చి కూర్చుంది. తాకాలు సరిచూసుకోవడం, చీటీల మీద సంతకాలు పెట్టించడం ఆమె చూసుకునేది.

ఆయన మొదటిసారి నా దుకాణానికి వచ్చింది నెలలో ఇరవయ్యో తారీఖు. ఒక్కడే వచ్చాడు. బండి ఆపి, అందులోని పాటల సెట్ పెట్టి, నా మొహంలోకి సూటిగా చూస్తూ చెప్పాడు.

"పాట వస్తున్నది తమ్మీ. మాట వస్తలేదు."

ఇంత చక్కగా జబ్బు చెప్పిన కస్టమర్ని నేను చూడలేదు. నిజంగానే డప్పు మోగుతోంది, పాడే మనిషి మాత్రం నోట్లో గుడ్డ కుక్కుకున్నట్టు ఉంది. పదిహేనేళ్ల బండి, కంపెనీవాళ్లు బిగించిన స్పీకర్లు. ఇన్నాళ్లు పలకడమే గొప్ప అన్నాను. ఆయన నవ్వలేదు. ఒకటో తారీఖులోగా బాగుచేయాలన్నాడు. ఎందుకంత తొందర అని అడిగితే కాసేపు నసిగి, అసలు సంగతి చెప్పాడు. ఒకటో తారీఖు నుంచి భాగీరథి మళ్లీ కార్ఖానాకు వెళ్లిపోతానంటోంది. బండిలో కూర్చోనంటోంది.

"బండ్ల మాట లేదు, ముచ్చట లేదు, గింతకంటే కండెలు చుట్టుకునుడు నయం అన్నది. గందుకే స్పీకర్లు మార్పిద్దామని వచ్చిన" అన్నాడు.

నాకు అందులో వింతేమీ కనిపించలేదు. ఆ గరగర రోజంతా వింటే ఎవరైనా బండి దిగిపోతారు. భార్య కోసం స్పీకర్లు మార్పించే మనిషి మీద గౌరవం కూడా కలిగింది. మా ఆవిడ నీరజ మిక్సీ పాడైందని నాలుగు నెలలుగా చెబుతోంది, నేను ఇంకా దాని మూత తీసి చూడలేదు.

తలుపు లోపలి అట్ట ఊడదీస్తే గుప్పెడు నూలు నూగు రాలింది. స్పీకరు కాగితం వానలకు మెత్తబడి, అంచు చుట్టూ పుచ్చిపోయి, వేలు పెడితే పొడిపొడిగా ఊడివచ్చింది. రెండో తలుపులోదీ అంతే. మధ్యలో చిన్న గిన్నెలాంటి మరో స్పీకరు ఉండే రకం తీసి రెండు తలుపులకూ బిగించాను. మాటలు స్పష్టంగా పలికేది ఆ చిన్నదానితోనే. పాట పెడితే గాయని ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. నాకు ఛాతీ ఉప్పొంగింది. మార్కండేయ తల వంచి కాసేపు విని, "సరే తమ్మీ" అన్నాడు. ఆ సరేలో సంతోషం లేదు. నేను పట్టించుకోలేదు.

మూడో రోజుకు మళ్లీ వచ్చాడు. ఈసారి పక్కన భాగీరథి ఉంది. ఆమె దిగలేదు, కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చుంది. మార్కండేయ మళ్లీ అదే మాట చెప్పాడు. పాట వస్తున్నది, మాట వస్తలేదు.

నేను లోపలికి తల పెట్టి విన్నాను. ఒక్క అక్షరం పొల్లుపోవడం లేదు. అదే చెబితే ఆయన వాదించలేదు, తల అడ్డంగా ఊపాడంతే. వాదించే మనిషికి జవాబు చెప్పొచ్చు, తల ఊపేవాణ్ణి ఏం చేస్తాం? నాకు ఒళ్లు మండింది. ఒకవేళ వైర్లు ఒక పక్కన తిరగబడ్డాయేమోనని తలుపులు మళ్లీ విప్పాను. పెన్సిల్ సెల్ ఆనించి చూస్తే రెండు స్పీకర్ల కాగితమూ సరిగ్గా బయటికే దూకింది, అంటే వైర్లు సరిగానే ఉన్నాయి. సెట్‌లో సన్న స్వరం నా పళ్లు జివ్వుమనేంత పెంచాను. ఆయన తల ఊపాడు. పంతం పట్టి, అడాజన్ వైపు డబ్బున్నవాళ్ల పెద్ద కార్లకు వేసే జత ఒకటి షెల్ఫులో ఉంటే అది తీసి బిగించాను. "జర నయం" అన్నాడు. నన్ను నొప్పించకుండా అన్న మాట అది, నాకు తెలుస్తూనే ఉంది.

ఇంత జరిగినా నేను చేయని పని ఒకటుంది. ఈ స్పీకర్లు ఎవరి కోసం మారుస్తున్నామో ఆ మనిషి నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉంటే, నీకెలా వినిపిస్తోంది వదినా అని ఒక్కసారి అడగలేదు. ఇద్దరు మగవాళ్లం కలిసి ఆమె ఇబ్బంది తీర్చేస్తున్నాం మరి.

ఇరవై తొమ్మిదిన అదే ఫిర్యాదుతో మూడోసారి వచ్చారు. ఆ ఉదయం పక్కనున్న కిటికీ గ్రిల్లుల షాపువాడు ఇనుప కడ్డీలు కోసే మిషన్ పెట్టాడు. ఆ చప్పుడుకి ఎవరికైనా తల పగిలిపోతుంది. నేను తలుపు దగ్గర కూర్చుని స్క్రూడ్రైవర్ ఇమ్మని అరిచాను. నా అరుపు నాకే వినపడలేదు గానీ, మార్కండేయ నా మొహం చూసి సరిగ్గా అదే అందించాడు.

అప్పుడు భాగీరథి బండి దిగింది. పదడుగుల దూరంలో, షట్టరు నీడలో నిలబడి ఆయన వైపు చూసి పెదాలు కదిపింది. గొంతు పెంచినట్టు కూడా లేదు. ఆయన జవాబిచ్చాడు. ఆమె రెండు వేళ్లు చూపించి మణికట్టు తిప్పింది. ఆయన నవ్వాడు. ఆమె ఇంకేదో అంది, ఆయన చెయ్యి ఊపి ఇంకేదో చెప్పాడు. ఇనుము కోస్తున్న ఆ రొదలో ఇద్దరూ వరండాలో కూర్చున్నంత తీరిగ్గా మాట్లాడుకుంటున్నారు. చెవులున్న నాకు ఒక్క ముక్క వినపడలేదు. వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

మిషన్ ఆగింది. మార్కండేయ ఇటు తిరిగి తలుపు మీదికి వంగి, లోపలి నూగు దులపడం మొదలుపెట్టాడు. భాగీరథి అక్కడి నుంచే, మామూలు గొంతుతో, ఆయన వీపు చూస్తూ అంది.

"ఒకటో తారీఖుకు ఇగ రెండు దినాలే ఉన్నయి. ఒక్కపారన్న పోవద్దనవా?"

ఆయన నూగు దులుపుతూనే ఉన్నాడు.

ఆమె నా వైపు తిరిగింది. "చూసినవా తమ్మీ. మూడేండ్ల సంది గిదే. బండి కొన్ననాటి సంది నాతోని మాట్లాడుడు బంద్ చేసిండు. కార్ఖానాల గంత లొల్లిల మాట్లాడెటోడు, బండ్ల పక్కన కూసుంటె బదులియ్యడు. నేను ఎవ్వలతోని మాట్లాడాలె?"

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నా చేతిలో స్క్రూ జారి పడిపోయింది. నేను లేచి మార్కండేయ వెనక్కి వెళ్లి, మామూలు గొంతుతో, "అన్నా, నీ బండికి నిప్పంటుకుంది" అన్నాను.

ఆయన తిరగలేదు. అట్ట మీది దుమ్ము ఊదుకుంటున్నాడు.

భాగీరథి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు అప్పటికి అర్థమైంది. స్పీకర్లలో ఏ లోపమూ లేదు. ఇరవై ఆరేళ్లపాటు మగ్గాల చప్పుడు ఆయన చెవుల్లోంచి సన్నటి ధ్వనులన్నీ తినేసి, డప్పు ఒక్కటి మిగిల్చింది. కార్ఖానాలో అందరూ పెదాలూ చేతులూ చూసుకునే మాట్లాడుకుంటారు, అక్కడ చెవితో పనే లేదు. ఇంట్లో కంచాల ముందు ఎదురెదురుగా కూర్చుంటారు కాబట్టి అక్కడా లోటు తెలియలేదు. బండిలో మాత్రం ఆమె ఆయన చెంపతో మాట్లాడింది, ఆయన రోడ్డు చూస్తూ నడిపాడు. బండి దిగాక ఆమె అలిగి మాట్లాడటం తగ్గించింది.

ఆమె వెళ్లి ఆయన ముందు నిలబడి, రెండు చేతులతో మొహం తన వైపు తిప్పుకుంది. "నీకు ఇనబడదా?" అని అడిగింది.

ఆయన ఆమె పెదాలు చూశాడు. మెల్లగా, "కార్ఖానాల అందరికి గింతే గద. మాట అంటె చూసుడే గద" అన్నాడు.

"మరి బండ్ల?"

"బండ్ల నువ్వే మాట్లాడుతలేవనుకున్న. బండి కొనుడు నీకు ఇష్టం లేదేమో, గందుకే మూతి ముడుచుకున్నవనుకున్న. బండ్ల మాట లేదంటె పాటల మాట అనుకున్న." ఆయన పక్క సీటు వైపు చూపించాడు. "నువ్వు పోతె ఆ సీటు మొకం నేను చూడలేను భాగీరథీ."

ఇద్దరూ నా దుకాణం ముందు అలాగే నిలబడిపోయారు. నాకు ఎక్కడ చూడాలో తెలియక సెల్ పట్టుకుని స్పీకరు వైర్లు మళ్లీ ఒకసారి పరీక్షించాను.

ముందుగా తేరుకున్నది భాగీరథే. కొంగుతో మొహం తుడుచుకుని నన్నడిగింది. "తమ్మీ, నీ తాన అద్దం ఉన్నదా?"

అప్పుడు తెలిసింది నాకు. కార్ఖానాలో మార్కండేయ మగ్గం గోడ వైపు ఉండేదట. ఎదురుగా స్తంభానికి ఒక అద్దం ముక్క కట్టుకున్నాడు. ఆమె కండెలు తెచ్చి వెనక నిలబడి, తిన్నవా అని అద్దంలోకి అడిగేది. ఆయన మగ్గం మీంచి చెయ్యి తీయకుండా, అద్దంలోకే చూసి తిన్న అనేవాడు. వాళ్ల సంసారం సగం ఆ అద్దం ముక్కలోనే నడిచిందని ఆమె నవ్వింది.

వెనక వచ్చే బండ్లు కనపడటానికి పెట్టే చిన్న గుండ్రటి అద్దం ఒకటి నా దగ్గర ఉంది. దాన్ని డాష్‌బోర్డు మీద, రోడ్డుకు అడ్డం రాకుండా, ఆమె వైపు తిప్పి బిగించాను. ఆమెను సీట్లో కూర్చోబెట్టి, ఆయన స్టీరింగ్ పట్టుకుని చెబుతుంటే రెండు మూడుసార్లు సర్దాను. మొదట ఆమె ముక్కుపుడక కనిపించింది, తర్వాత గడ్డం, ఆఖరికి పెదాలు. పద్దెనిమిదేళ్లలో నేను అంత జాగ్రత్తగా ఏ స్పీకరూ బిగించలేదు. బండి నడుస్తున్నప్పుడు చూపు రోడ్డు మీదే ఉండాలనీ, అద్దం చూడటం సిగ్నళ్ల దగ్గరేననీ ఒట్టు వేయించుకున్నాను. పెద్దాసుపత్రిలో చెవి డాక్టరుకు చూపించుకోమని కూడా గట్టిగా చెప్పాను. తర్వాత వెళ్లారు. చెవికి మిషన్ పెడతామన్నారట, తారీఖు ఇచ్చారు.

ఆ రోజు దుకాణం కట్టేసి ఇంటికి వెళ్లగానే నీరజ ఏదో చెబుతోంది. నేను అలవాటుగా ఫోను చూస్తూ ఊఁ అన్నాను. అని, సిగ్గుపడి తలెత్తాను. నా చెవులు బాగానే ఉన్నాయి కదా, నాకేం సాకు ఉంది?

ఒకటో తారీఖు ఉదయం షట్టరు ఎత్తుతుంటే పికప్ వచ్చి దుకాణం ముందు ఆగింది. వెనక నిండా తాకాలు. ముందు పక్క సీట్లో భాగీరథి ఉంది. సెట్ మాత్రం ఆపేసి ఉంది. అంత కష్టపడి మూడుసార్లు విప్పి బిగించిన మనిషిని, నాకు ఉండబట్టలేదు. పాటలు పెట్టలేదేం వదినా అని అడిగాను.

ఆమె నాకు జవాబు చెబుతూ అద్దంలోకి చూసింది, ఆయనకు కూడా తెలియాలని.

"మూడేండ్ల ముచ్చట్లు మిగిలి ఉన్నయి తమ్మీ. గవి అయినంక పెట్టుకుంటం."

మార్కండేయ అద్దం చూసి నవ్వి గేరు వేశాడు. ఇది జరిగి ఎనిమిది నెలలైంది. ఆ స్పీకర్లు ఇప్పటికీ కొత్తవాటిలాగే ఉన్నాయి.