లోపల చూడనిదే నమ్మని దస్తగిరి

ఏ వస్తువైనా సరే, లోపల ఏముందో చూడనిదే దస్తగిరి నమ్మడు. అత్తవారు పెట్టిన చేతి గడియారాన్ని నిఖా రోజే విప్పి కూర్చున్నాడు. దవాఖానలో సూది వేయబోతే, "గా సీసల ఏమున్నదో ముందుగాల చెప్పు" అని కంపౌండర్ చెయ్యి పట్టుకున్నాడు. హుజూర్‌నగర్‌లో ఆయన చాయ్ తాగని హోటల్ లేదు, చాయ్ వంకతో వంటింట్లోకి దూరని హోటలూ లేదు.

తొంభై ఎనిమిదిలో నా ఎస్టీడీ బూత్‌కు అటు దస్తగిరి, ఇటు పర్వతాలు అనే ఇంకొకాయన కంప్యూటర్ మీద పెళ్లికార్డులు కొట్టేవారు. పర్వతాలుది కంపెనీ అమ్మిన తెలుగు సాఫ్ట్‌వేర్. కంప్యూటర్ వెనక అగ్గిపెట్టెంత ఎలక్ట్రానిక్ తాళం బిగిస్తేనే అది పనిచేసేది. దస్తగిరిది ఉచితం. ఎవరో రాసి, విప్పి చూసుకోండి, బాగుచేసుకోండి అని లోకానికి వదిలేశారు. ఈయనలాంటి పిచ్చివాళ్లు దానికి మెరుగులు దిద్దుతూ ఫ్లాపీల్లో పంచుకునేవారు. నిజం చెప్పొద్దూ, అచ్చు కంపెనీదానికంటే బాగా వచ్చేది. అయినా గిరాకీ పర్వతాలుకే, ఎందుకంటే దస్తగిరి కార్డు చేతికిచ్చి ఊరుకోడు.

"జానయ్యా, గిటు కూసో. 'క్ష' ఎట్ల తయారైతదో చూపిస్త."

"పిలగాని పెండ్లి నెత్తి మీదున్నది, నాకు 'క్ష' ఎందుకే!"

ఆ దసరాకు పర్వతాలు ఆయుధపూజ చేశాడు. కంప్యూటర్‌కు బొట్టు పెట్టాడు. అంత విలువైన తాళానికి భక్తి తక్కువ కాకూడదని దాన్ని ఊడదీసి, పసుపునీళ్లతో కడిగి, కొబ్బరినీళ్లతో అభిషేకం చేశాడు. మళ్లీ బిగిస్తే అది ఉలకలేదు, పలకలేదు. నా బూత్ నుంచే కంపెనీకి ఫోన్ చేశాడు. తాళం పాడైతే మొత్తం కొత్తగా కొనాల్సిందే అన్నారు. అప్పటికే కార్తీకం ముహూర్తాలకు ఊళ్లో సగం పెళ్లిళ్ల కార్డులు ఒప్పుకుని ఉన్నాడు. అవి అందకపోతే దుకాణం మూసుకోవాల్సిందే. పాపం, ఫోన్ పెట్టేసి నా బల్ల మీదే తల వాల్చేశాడు.

సంగతి తెలిసి, పర్వతాలుకు కార్డులు అప్పజెప్పిన జానయ్య దస్తగిరి దగ్గరికి ఉరికాడు, వెనకే ఇంకొందరు. దస్తగిరికి కూర్చున్నచోటికే అదృష్టం నడిచొచ్చిందనుకున్నాను. ఆయన మాత్రం ఫ్లాపీల డబ్బా చంకన పెట్టుకుని పర్వతాలు దుకాణానికి పోయాడు.

"జరుగు. నాది దీంట్ల ఎక్కిస్త. కాకపోతే లోపలిదంత నువ్వు చూడాలె."

"నీ కాళ్లు మొక్కుత దస్తగిరన్నా, చూసుడు ఎందుకు? నువ్వే కొట్టియ్యి, జల్ది అయితది."

"నేను కొట్టిస్తె రేపు మళ్ల నా గడప తొక్కాలె. లోపల చూసినోడు ఇంకొకని ముందట చేతులు కట్టుకొని నిలవడడు. కంపెనీ ముందట నిలవడ్డది సాలదా?"

ఇన్నాళ్లూ మేము చాదస్తం అన్నది దీన్నే. నిక్కచ్చిగా చెప్పాలంటే, ఆ క్షణాన ఆ మనిషి నాకు తెగ నచ్చేశాడు.

కార్డులన్నీ వేళకు అందాయి. కానీ లోపల చూసిన పర్వతాలుకు కూడా పిచ్చి అంటుకుంది. ఒత్తులు ఒకదాని మీదొకటి ఎక్కకుండా ఏదో సవరించి, ఆ ఫ్లాపీ తెచ్చి దస్తగిరికిచ్చాడు. దస్తగిరి మురిసిపోయి, బజారంతా చాటాడు. తన దగ్గర కార్డు కొట్టించుకుందామని వచ్చిన సైదులును కూడా గడపలోనే ఆపేశాడు.

"ఒత్తులు బాగుచేసింది పర్వతాలు. ఆడికే పో."

"మరి నీ గిరాకి?"

"నాకొక కార్డు పంపు. పెండ్లికొచ్చి బగారన్నం తింట."